దూరమెంత, కాలమెంత: ఢిల్లీ నుండి శాన్‌ఫ్రాన్సిస్కోకు విమానమార్గము

నేడు మన తెలుగు జిల్లాలలో అమెరికా దేశమున కొడుకో, కూతురో, తోబుట్టువో లేని వీథి కనబడుట అరుదు. అట్లు వెళ్లినవారిలో పెక్కుమంది కాలిఫోర్నియా రాష్ట్రమందలి శాన్‌ఫ్రాన్సిస్కో నగరమునకు చుట్టుపట్ల నివసించుచున్నారు. బిడ్డలను విమానమెక్కించి వచ్చిన తల్లిదండ్రులు ఉపాధ్యాయులమైన మమ్ము తరచుగా రెండు ప్రశ్నలు అడుగుచుందురు: ఆ యూరు ఎంత దూరము? ఎంతసేపటికి చేరుదురు? ఈ రెండును ఒకే ప్రశ్న యని వారి తలంపు. రైలుబండికి అలవాటుపడిన మనకు అట్లు తోచుట సహజమే. విజయవాడ నుండి విశాఖపట్టణమునకు పట్టాల వెంబడి సుమారు 350 కిలోమీటర్లు. బండి యొక్క వేగము తెలిసినచో ప్రయాణకాలము వెంటనే తెలియును.

విమానమునకు పట్టాలు లేవు. కావున రెండు విమానాశ్రయముల నడుమ దూరము ఒక లెక్క, వాని నడుమ ప్రయాణకాలము వేరొక లెక్క. ఒక్కొక్కప్పుడు ఎక్కువ దూరము తిరిగి పోయిన విమానమే ముందుగా చేరుటయు కలదు. ఈ వింతకు కారణమేమో, దానిని తెలిసికొనుటవలన ప్రయోజనమేమో, ఢిల్లీ నుండి శాన్‌ఫ్రాన్సిస్కోకు గల మార్గమునే ఉదాహరణముగా గైకొని ఈ వ్యాసమున వివరింపదలచితిమి.

1. దూరమును కొలుచు విధము

మొదట దూరమును చూతము. పసిఫిక్ మహాసముద్రము నడుమ నుండునట్లు ముద్రించిన గోడపటమొకటి తీసికొని, ఢిల్లీ మీద ఒక చుక్కయు శాన్‌ఫ్రాన్సిస్కో మీద ఒక చుక్కయు పెట్టి, స్కేలుబద్దతో వాని నడుమ గీత గీయుడు. ఆ గీత చైనాను, దక్షిణ జపానును దాటి, సముద్రము మీదుగా కాలిఫోర్నియాకు పోవును. సాధారణముగా దొరకు మెర్కేటరు పటము మీద గీచిన ఈ గీత వెంబడి పోయినచో దూరము సుమారు 14,950 కిలోమీటర్లు.

ఇప్పుడు పాఠశాలలోని గోళమును తెచ్చుకొనుడు. ఒక దారపు కొనను ఢిల్లీ మీద నొక్కిపట్టి, రెండవ కొనను శాన్‌ఫ్రాన్సిస్కో వఱకు లాగి బిగించుడు. చిత్రమేమన, దారము తూర్పునకు పోదు. ఉత్తరమునకు లేచి, టిబెట్టు పీఠభూమి పడమటి కొనను, చైనాలోని సింజియాంగును, సైబీరియాను దాటి, ఆర్కిటిక్ మహాసముద్రములో 75వ అక్షాంశమును మించి పోయి, అలాస్కా మీదుగా దిగి, కెనడా పడమటి తీరము వెంబడి శాన్‌ఫ్రాన్సిస్కోకు చేరును. ఈ దారపు పొడవును గోళపు కొలత ననుసరించి లెక్కించినచో దూరము సుమారు 12,400 కిలోమీటర్లు మాత్రమే. పటము మీద తిన్నగా కనబడిన త్రోవకంటె ఇది సుమారు 2,550 కిలోమీటర్లు తక్కువ.

పటము మనలను ఏల మోసగించినది? నారింజపండు తొక్కను ఒలిచి బల్ల మీద పఱచి చూడుడు. చీలకుండ, సాగకుండ అది బల్లకు అంటుకొనదు. భూగోళమును కాగితము మీద పఱచుటయు అట్టిదే. గెరార్డస్ మెర్కేటరు అను పటకారుడు 1569వ సంవత్సరమున వెలువరించిన పద్ధతిలో ధ్రువములకు సమీపించిన కొలది దేశములు విపరీతముగా సాగిపోవును. గ్రీన్‌లాండు ద్వీపము ఆఫ్రికా ఖండమంత పెద్దదిగా కనబడును. నిజమునకు ఆఫ్రికా దానికి సుమారు 14 రెట్లు గలది. భూమధ్యరేఖ వద్ద ఒక రేఖాంశమునకును మఱియొక రేఖాంశమునకును నడుమ 111 కిలోమీటర్ల దూరముండగా, 60వ అక్షాంశము వద్ద అది సగమునకు తగ్గి, ధ్రువము వద్ద సున్న యగును. పటములో మాత్రము ఆ యెడము ఎచ్చటను తగ్గదు. ఉత్తరపు త్రోవ దూరమైనదిగా తోచుటకు కారణమిదియే.

దారము చూపిన మార్గమునకు మహావృత్తమని పేరు. అనగా, రెండు స్థలముల మీదుగా పోవుచు గోళమును సరిగా రెండు సగములుగా విభజించు వృత్తములోని భాగమన్నమాట. ఇందులో ఒక డిగ్రీకి సుమారు 111 కిలోమీటర్లు. ఢిల్లీకిని శాన్‌ఫ్రాన్సిస్కోకును భూకేంద్రమువద్ద ఏర్పడు కోణము 111 డిగ్రీలకు కొంచెము ఎక్కువ. ఈ రెండింటిని గుణించి చూచుకొనుడు. భూమి చుట్టుకొలత సుమారు 40,000 కిలోమీటర్లు గనుక, భూమి మీద ఏ రెండు విమానాశ్రయముల నడుమను నేరుదూరము అందులో సగమైన 20,000 కిలోమీటర్లకు ఇంచుమించుగా మించనేరదు.

2. గీత వేరు, త్రోవ వేరు

ఇక విమానము ఈ దారము వెంబడియే పోవునా యని ప్రశ్న. పోదు. దగ్గరి ఉదాహరణముతో మొదలు పెట్టుదము. హైదరాబాదునకు చెందిన శంషాబాదు విమానాశ్రయమును ఢిల్లీ విమానాశ్రయమును ఇంచుమించు ఒకే రేఖాంశము మీద నున్నవి. నేరుదూరము సుమారు 1,260 కిలోమీటర్లు. పెద్ద విమానము పైయెత్తున గంటకు 850 కిలోమీటర్ల వేగముతో పోవును. ఆ లెక్కను గంటన్నరలో చేరవలెను. అయినను కాలపట్టికలో రెండు గంటలకు పైగా వ్రాయుదురు. ఇందుకు కారణములు పెక్కు. విమానము తాను నిలిచిన చోటినుండి పరుగుబాట వఱకు మెల్లగా నడచిపోవలెను. తన వంతు వచ్చువఱకు వేచియుండవలెను. పైకెక్కునపుడును దిగునపుడును వేగము తక్కువ. గాలికి ఎదురుగా దిగవలసియుండుటచే ఊరిని చుట్టి రావలసియుండును. కాలపట్టికలోని సమయము విమానము కదలినది మొదలు తిరిగి నిలుచు వఱకు గల మొత్తము కాలము.

దూరప్రయాణమునకు మఱికొన్ని చిక్కులు గలవు. ఢిల్లీకి ఉత్తరమున హిమాలయములును, వాని వెనుక సగటున 4,500 మీటర్ల యెత్తుగల టిబెట్టు పీఠభూమియు నున్నవి. విమానము లోపలి గాలియొత్తిడి హఠాత్తుగా తగ్గినచో, ప్రయాణికులు ఊపిరి పీల్చుకొనుటకు వీలుగా విమానమును వెంటనే సుమారు 3,000 మీటర్లకు దింపవలెను. క్రింద నేలయే 4,500 మీటర్ల యెత్తున నున్నచోట దిగుట యెట్లు? అందుచేత విమానములు సాధారణముగా ఆ పీఠభూమిని తప్పించుకొని పోవును. దారము చూపినది అతిస్వల్పదూరమే గాని, అది ప్రాణములకు క్షేమమైన త్రోవ కాదు.

3. గాలి చేయు సహాయము

ఎయిర్ ఇండియావారు 2015వ సంవత్సరము డిసెంబరు నెలలో ఢిల్లీ నుండి శాన్‌ఫ్రాన్సిస్కోకు నడుమ నెచ్చటను దిగని విమానమును ప్రారంభించిరి. అది మొదట యూరపు మీదుగా పోయి అట్లాంటిక్ మహాసముద్రమును దాటుచుండెడిది. ఆ త్రోవ సుమారు 13,900 కిలోమీటర్లు. 2016వ సంవత్సరము అక్టోబరు నెలలో వారు త్రోవను మార్చి, విమానమును తూర్పునకు పంపి, పసిఫిక్ మహాసముద్రమును దాటించిరి. ఆ త్రోవ సుమారు 15,300 కిలోమీటర్లు. అనగా 1,400 కిలోమీటర్లు ఎక్కువ. అయినను విమానము సుమారు 14 గంటల 30 నిమిషములలో చేరెను. పాతత్రోవకంటె దాదాపు రెండు గంటలు తక్కువ.

విద్యార్థులారా, ఈ లెక్కను మీరే చేసి చూడుడు. 15,300ను 14.5చే భాగించినచో గంటకు 1,055 కిలోమీటర్లు వచ్చును. 13,900ను 16.5చే భాగించినచో సుమారు 842 వచ్చును. విమానము ఒకటే, యంత్రములు ఒకటే. గాలిని చీల్చుకొని పోవు వేగమును ఇంచుమించు ఒకటే. గంటకు 900 కిలోమీటర్లు. మిగిలిన భేదమంతయు గాలియొక్క పనియే. ఏటికి ఎదురీదువానికిని ఏటివాలున ఈదువానికిని గల భేదమును గోదావరి తీరమున పెరిగినవారికి మేము చెప్పనక్కరలేదు.

ఆ గాలికి జెట్ స్ట్రీము అని పేరు. భూమికి 9 మొదలు 12 కిలోమీటర్ల యెత్తున పడమటినుండి తూర్పునకు నదివలె ప్రవహించుచుండును. ఉష్ణమండలపు వెచ్చని గాలికిని ధ్రువప్రాంతపు చల్లని గాలికిని గల తాపభేదము దీనిని పుట్టించును. భూభ్రమణము దీనిని తూర్పునకు త్రిప్పును. శీతకాలమున ఆ భేదము హెచ్చుటచే ప్రవాహమును హెచ్చును. జపాను దేశమునకు మీదుగా అది కొన్ని వేళల గంటకు 300 కిలోమీటర్లకు మించిన వేగముతో వీచును.

దీనిని కనుగొన్న చరిత్రయు తెలిసికొనదగినదే. జపాను దేశపు వాతావరణశాస్త్రజ్ఞుడు వసబురో ఒయిషి 1920వ దశాబ్దమున చిన్న బెలూనులను విడిచి, దూరదర్శినితో వాని గమనమును కొలిచి, ఈ గాలిని కనుగొనెను. తన ఫలితములు లోకమంతటికి తెలియవలెనని ఆయన వానిని ఎస్పెరాంటో భాషలో 1926వ సంవత్సరమున ప్రకటించెను. ఆ భాష చదువువారు కొద్దిమందియే గనుక ఇతర దేశములవారు దానిని గుర్తింపలేదు. 1944వ సంవత్సరమున జపాను మీదికి పోయిన అమెరికా విమానములు ఆ గాలికి చిక్కి లక్ష్యములను తప్పినపుడే వారికి దాని బలము తెలిసివచ్చెను.

ఢిల్లీ విమానము తిరుగు ప్రయాణమునందు తూర్పునకే బయలుదేరి, అట్లాంటిక్ మహాసముద్రము మీదుగా వచ్చుచుండెను. కావున ఒక రానుపోను ప్రయాణముతో భూమిని ఒకసారి చుట్టివచ్చినట్లయ్యెను. రెండు దిక్కులను గాలి వాలుననే!

4. ఇంధనము, ప్రాణము

రెండు గంటలు కలిసివచ్చుట సుఖము కొఱకే అని తలంపకుడు. అంతటి పెద్ద విమానము గంటకు సుమారు 7 టన్నుల ఇంధనమును కాల్చును. విమానమునకు కావలసిన ఇంధనమును నిర్ణయించునది ముఖ్యముగా అది ఆకాశమున ఉండవలసిన కాలము. అందుచేతనే బయలుదేరుటకు ముందు నాటి గాలిలెక్కను చూచి త్రోవను ఏర్పఱచుదురు. నిన్న పోయిన త్రోవ నేడు పనికిరాకపోవచ్చును. ప్రయాణమునకు చాలినంతయే గాక, దిగవలసిన ఊరు మూసియున్నచో వేరొక ఊరికి పోవుటకును, ఆపైన ఇంకొక అరగంట తిరుగుటకును సరిపడు ఇంధనము ఉండవలెనని నియమము.

ఈ నియమము ఎంత విలువైనదో 1990వ సంవత్సరము జనవరి 25వ తేదీన లోకము చూచెను. కొలంబియా దేశమందలి మెడెలీన్ నుండి న్యూయార్కునకు పోయిన ఏవియాంకా విమానమునకు దూరము కష్టమైనది కాదు. సుమారు 3,800 కిలోమీటర్లు. కాని న్యూయార్కున వాతావరణము చెడియుండుటచే దానిని మార్గమున మూడుచోట్ల ఆకాశముననే తిరుగుచుండుమని ఆజ్ఞాపించిరి. ఆ తిరుగుడు మొత్తము 1 గంట 17 నిమిషములు. దూరము పెరుగలేదు, కాలము పెరిగెను. తుదకు ఇంధనమంతయు అయిపోయి విమానము కూలెను. అందున్న 158 మందిలో 73 మంది మరణించిరి. ఇంధనము అయిపోవుచున్నదని విమానమువారు చెప్పిరి గాని, ఆపద సంభవించినదని తెలుపు నిర్ణీతమైన మాటను పలుకలేదనియు, అందుచేత క్రిందివారు వారి దురవస్థను గ్రహింపలేదనియు విచారణలో తేలెను. లెక్క సరిగా చేయుట ఎంత ముఖ్యమో, కష్టము వచ్చినపుడు స్పష్టముగా చెప్పుటయు అంతే ముఖ్యము.

5. మూసిన త్రోవలు

గాలివలెనే రాజ్యముల కలహములును ప్రయాణకాలమును మార్చును. ప్రతి దేశమునకు తన నేలమీది ఆకాశముపై అధికారము కలదు. ఫిన్లాండు రాజధానియైన హెల్సింకి నుండి జపాను రాజధానియైన టోక్యోకు నేరుదూరము సుమారు 7,800 కిలోమీటర్లు. రష్యా మీదుగా పోవు కాలమున ఆ ప్రయాణము సుమారు తొమ్మిదిన్నర గంటలలో ముగిసెడిది. 2022వ సంవత్సరము ఫిబ్రవరిలో యుక్రెయిను యుద్ధము మొదలైన పిమ్మట రష్యావారు యూరపు దేశముల విమానములకు తమ ఆకాశమును మూసివేసిరి. అప్పుడు ఫిన్లాండు విమానములు ఉత్తరధ్రువము మీదుగానో, దక్షిణముగా చుట్టియో పోవలసివచ్చి, ప్రయాణము సుమారు 13 గంటలకు పెరిగెను.

మన దేశమునకును అట్టి అనుభవము కలిగెను. 2025వ సంవత్సరము ఏప్రిల్ నెలలో పాకిస్తాను మన విమానములకు తన ఆకాశమును మూసివేయగా, ఢిల్లీ నుండి యూరపు మీదుగా అమెరికాకు పోవు కొన్ని విమానములు చుట్టుదారిని పోయి, నడుమ యూరపులో దిగి ఇంధనము నింపుకొనవలసివచ్చెను. ఊళ్లు కదలలేదు, గోళము మీది దారము పెరుగలేదు. కాలము మాత్రము పెరిగెను. బిడ్డ చేరిన వార్త ఆలస్యమైనపుడు తల్లిదండ్రులు మొదటనే భయపడక, ఇట్టి కారణములు పెక్కు గలవని గుర్తుంచుకొనవలెను.

6. గడియారపు లెక్క

ఇక మిగిలినది గడియారము. టిక్కెట్టు మీద ముద్రించు సమయములు ఆయా ఊళ్ల సమయములు. ఢిల్లీలో తెల్లవారుజామున 4 గంటలకు బయలుదేరి, అదే తేదీన ఉదయము 6 గంటలకు శాన్‌ఫ్రాన్సిస్కోకు చేరునని టిక్కెట్టులో నున్నదనుకొందము. చూచినవారు రెండు గంటల ప్రయాణమని భ్రమపడుదురు. నిజమేమో చూతము.

భూమి 24 గంటలలో 360 డిగ్రీలు తిరుగును; అనగా గంటకు 15 డిగ్రీలు. మన దేశపు సమయము తూర్పు 82½ డిగ్రీల రేఖాంశమును బట్టి ఏర్పడినది. ఆ రేఖ మన కాకినాడకు సమీపముననే పోవును. 82½ను 15చే భాగించినచో 5½ వచ్చును. అందుచేత మనము గ్రీనిచ్‌కంటె 5½ గంటలు ముందున్నాము. కాలిఫోర్నియా సమయము పశ్చిమ 120 డిగ్రీలను బట్టి ఏర్పడినది గనుక వారు 8 గంటలు వెనుకనున్నారు. రెండును కలిపిన 13½ గంటలు. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉదయము 6 గంటలైనపుడు మనకు అదే దినమున రాత్రి 7:30 గంటలు. అందుండి తెల్లవారుజాము 4 గంటలను తీసివేయగా 15½ గంటలు మిగులును. ఇదియే నిజమైన ప్రయాణకాలము. వేసవిలో అచ్చటివారు తమ గడియారములను ఒక గంట ముందుకు త్రిప్పుకొందురు; అప్పుడు 13½కు బదులు 12½ గంటలు కలుపవలెను.

తిరిగి వచ్చునపుడు దీనికి వ్యతిరేకముగా జరుగును. 2021వ సంవత్సరము జనవరి 9వ తేదీ శనివారము రాత్రి సుమారు 8:30 గంటలకు శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎయిర్ ఇండియా విమానమొకటి బెంగళూరునకు బయలుదేరెను. దానిని నడపినవారందఱును స్త్రీలే: కెప్టెన్ జోయా అగర్వాల్, పాపగారి తన్మయి, ఆకాంక్ష సోనవరే, శివాని మన్హాస్. ఆ రెండు నగరముల నేరుదూరము సుమారు 14,000 కిలోమీటర్లు. వారు ఉత్తరధ్రువప్రాంతము మీదుగా, సుమారు 17 గంటల ప్రయాణము చేసిరి. అచ్చట అయస్కాంతపు దిక్సూచి నమ్మదగినది కాదు. దిగుటకు తగిన విమానాశ్రయములు అరుదు. ఇంధనము గడ్డకట్టకుండ దానిని చలినుండి కాపాడుకొనవలెను. అట్టి త్రోవను క్షేమముగా దాటి, 11వ తేదీ సోమవారము తెల్లవారుజామున మూడు గంటలు దాటిన పిమ్మట బెంగళూరున దిగిరి. ప్రయాణము ఒక దినమైనను లేదు. శనివారము ఎక్కినవారు సోమవారము దిగిరి. ఆ ఆదివారము ఎచ్చటికి పోయినదో మన విద్యార్థులు పై లెక్క ననుసరించి కనుగొనగలరు.

కావున ఎంత దూరము, ఎంత సేపు అని అడుగువారు మూడు సంఖ్యలను వేఱువేఱుగా నుంచుకొనవలెను. మొదటిది గోళము మీది దూరము, అది మాఱదు. రెండవది ఆకాశమున గడుపు కాలము. గాలియు, కొండలును, రాజ్యములును దానిని దినదినమును మార్చును. మూడవది గడియారములు చూపు కాలము. రెండు ఊళ్ల సమయములను ఒకే ఊరి సమయమునకు మార్చినగాని దానిని నమ్మరాదు. తల్లిదండ్రులు టిక్కెట్టును చేతబట్టుకొని, చేరు సమయమునకు 13½ గంటలు, వేసవియైనచో 12½ గంటలు కలుపుకొన్నయెడల, ఏ వేళకు వార్త కొఱకు ఎదురుచూడవలెనో ఇంటివద్దనే తెలియును.

విద్యార్థులకు ఒక పని చెప్పి ముగించుచున్నాము. గోళమును, దారమును తీసికొని హైదరాబాదు నుండి లండనునకు, సిడ్నీకి, న్యూయార్కునకు దూరములను కొలువుడు. పిమ్మట ప్రతి త్రోవలోను గాలి ఎటు వీచునో, పోవునపుడు ఎక్కువ సేపగునో, వచ్చునపుడు ఎక్కువ సేపగునో ఊహించి వ్రాయుడు. వ్రాసినదానిని మీ యింట దూరదేశమునకు పోయివచ్చినవారి టిక్కెట్టుతో సరిచూచుకొనుడు. లెక్క సరిపోయినచో మీ తల్లిదండ్రులకును ఆ లెక్కను నేర్పుడు.